మట్టం తగ్గలేదు, ఉప్పు తగ్గింది: ఒక మెరైన్ ట్యాంక్ కేస్ స్టడీ

జులై మొదటి వారంలో ఒక డెంటల్ డాక్టర్‌గారు ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో ఆయన క్లినిక్ వెయిటింగ్ హాల్లో ఉన్న ఉప్పునీటి ట్యాంక్ రెండేళ్ల కిందట నేను పెట్టిందే. మొదటి ఏడాది నెలకోసారి వెళ్లి చూసేవాణ్ని. తర్వాత ఆయనకే చెయ్యి తిరిగింది, సొంతంగా చూసుకుంటున్నారు.

"టార్చ్ కోరల్ పదిరోజులుగా సరిగ్గా విచ్చుకోవట్లేదండీ. జోవాలు మూసుకుపోయాయి. మొన్న తెచ్చిన క్లీనర్ రొయ్య ఒక్క రాత్రి కూడా బతకలేదు. క్లౌన్ చేపలు మాత్రం హాయిగా తింటున్నాయి" అన్నారు. టార్చ్ అంటే తలలు తలలుగా పెరిగే కోరల్ (పగడం), జోవాలంటే గుంపుగా పెరిగే చిన్న బొత్తాల్లాంటి కోరల్స్. సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు, ఎంతుందని అడిగాను. "1.025. పొద్దున్నే చూశాను" అన్నారు. మంచినీళ్ల సాంద్రత 1 అనుకుంటే ఉప్పునీళ్లది ఎంతో చెప్పే అంకె అది, సముద్రానికీ దాదాపు అంతే ఉంటుంది.

ఆ ఒక్క మాట నమ్మి నేను ఒక వారం పోగొట్టాను. ఆయన పంపిన మిగతా రీడింగులు ఇవి: కాల్షియం 375, మెగ్నీషియం 1180, ఆల్కలినిటీ (నీటి క్షారత) 7.2. కాల్షియం తక్కువుంది కదా, డోసింగ్ కొంచెం పెంచండి అని చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆ అంకెలు పక్కపక్కన రాసుకుని చూసి ఉంటే అప్పుడే తెలిసేది. ఆయన వాడే ఉప్పు మిక్స్‌తో 35 పీపీటీకి (కిలో ఉప్పునీళ్లలో 35 గ్రాముల ఉప్పు, సముద్రంలో ఉన్నంత) నీళ్లు కలిపితే కాల్షియం 430, మెగ్నీషియం 1350 దరిదాపుల్లో వస్తాయి. కాల్షియం 13 శాతం తగ్గింది, మెగ్నీషియమూ 13 శాతమే తగ్గింది. కోరల్స్ కాల్షియాన్ని గట్టిగా లాగుతాయి కానీ మెగ్నీషియాన్ని చాలా నెమ్మదిగా వాడతాయి. నాలుగు చిన్న కోరల్స్ ఉన్న ట్యాంకులో రెండూ ఒకే పాళ్లలో తగ్గాయంటే వాటిని ఎవరూ తినలేదు, నీళ్లే పలచబడ్డాయి. ఆల్కలినిటీని ఆయన విడిగా డోస్ చేస్తున్నారు కాబట్టి అది బాగానే ఉన్నట్టు కనిపించింది.

వారం తర్వాత "టార్చ్‌లో ఒక తల కరిగిపోతోంది" అని మళ్లీ ఫోన్ వస్తే, సంచి సర్దుకుని వెళ్లాను.

ట్యాంక్ వివరాలు ముందే చెప్తాను, తర్వాత లెక్కలకు కావాలి. నాలుగడుగుల ట్యాంక్, కింద సంప్, అంటే పరికరాలుండే ఇంకో తొట్టి. రాళ్లు, ఇసుక పోను అసలు నీళ్లు సుమారు 300 లీటర్లు. సంప్‌లో ప్రోటీన్ స్కిమ్మర్ (నీళ్లలోని మడ్డిని నురగతో లాగి కప్పులో చేర్చే పరికరం), హీటర్, నీళ్లను తిరిగి పైకి పంపే రిటర్న్ పంపు. పక్కన 40 లీటర్ల డ్రమ్ములో ఆర్‌ఓ నీళ్లు. సంప్‌లో మట్టం తగ్గితే ఆ డ్రమ్ములోంచి నీళ్లు తోడి నింపే ఆటో టాప్ ఆఫ్. దాన్ని ఏప్రిల్‌లో పెట్టించారు. ఎండాకాలంలో ఊరెళ్తే నీళ్లు పోసేవాళ్లు ఉండరని.

మూడు పరికరాలు, మూడు మాటలు

డాక్టర్‌గారి దగ్గర ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు తేలే హైడ్రోమీటర్ ఒకటి ఉంది. కాంతి వంగే తీరును బట్టి ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ కూడా ఉంది. ట్యాంకును రోజూ హైడ్రోమీటర్‌తో చూస్తారు. కొత్త నీళ్లు కలిపేటప్పుడు మాత్రం రిఫ్రాక్టోమీటర్ తీస్తారు. నా దగ్గర, నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పు తేల్చే కండక్టివిటీ మీటర్ ఉంది. మూడూ బల్ల మీద పెట్టి, ట్యాంకులోంచి ఒకే మగ్గుతో నీళ్లు తీసి చూశాం.

హైడ్రోమీటర్ 1.025 చూపించింది. రిఫ్రాక్టోమీటర్‌లో నీలం గీత 32కి కొంచెం కింద ఆగింది. నా మీటర్ సెంటీమీటరుకు 47 మిల్లీసీమెన్స్ చూపించింది. 35 పీపీటీ సముద్రపు నీళ్లకు 25 డిగ్రీల దగ్గర ఇది 53 ఉండాలి. 47 అంటే ముప్పైన్నర పీపీటీ.

"మూడింట్లో ఏది నిజం?" అని డాక్టర్‌గారు అడిగారు. సరైన ప్రశ్న. నా మీటర్ ఖరీదైనది కాబట్టి అదే నిజం అనడం జవాబు కాదు. ఒక్కోదాన్నీ పరీక్ష పెట్టాలి.

హైడ్రోమీటర్ సంగతి కళ్లతోనే తేలింది. డబ్బాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ముల్లు అంచు పొడవునా సన్నటి గాలి బుడగలు, ఆవగింజలో సగం కూడా లేవు, వరసగా అతుక్కుని ఉన్నాయి. ఆయన నీళ్లు తీసే చోటు స్కిమ్మర్ పక్కనే. అక్కడి నీళ్ల నిండా బుడగలే. ఒక్కో బుడగ ముల్లును కాస్త పైకి లేపుతుంది, రీడింగ్ పెరుగుతుంది. డబ్బాను రెండుసార్లు గట్టిగా తట్టి, రెండు నిమిషాలు ఆగి చూస్తే 1.023 దగ్గరకు దిగింది. ముప్పైన్నర పీపీటీకి ఉండాల్సింది అదే. ముల్లు మీద ఉప్పు పేరుకుంటే దీనికి విరుద్ధంగా జరుగుతుంది, బరువెక్కి తక్కువ చూపిస్తుంది. అంటే ఈ పరికరం ఎటు తప్పుతుందో కూడా ముందుగా చెప్పలేం. అందుకే రోజువారీ చూపుకు తప్ప నేను దాన్ని నమ్మను.

రిఫ్రాక్టోమీటర్ విషయం ఇంకొంచెం లోతైనది. డాక్టర్‌గారు దాన్ని ఎంత శ్రద్ధగా వాడుతున్నారంటే, ప్రతిసారీ ఆర్‌ఓ నీళ్లు రెండు చుక్కలు వేసి సున్నాకు సరిచేసుకున్నాకే చూస్తారు. అందులో ఏ తప్పూ లేదు. కానీ అది చాలదు. తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు మధ్యలో నిలిచిందని, కిలో రాయి వేసినప్పుడూ సరిగ్గా తూగుతుందని అర్థం కాదు కదా.

సముద్రపు నీళ్లలో ఉండేది వట్టి సోడియం క్లోరైడ్ కాదు. మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం అన్నీ ఉంటాయి. ఇవి కాంతిని వంచే తీరు వేరు. బజారులో తక్కువ ధరకు దొరికే రిఫ్రాక్టోమీటర్లలో చాలావాటికి గీతలు వట్టి ఉప్పు ద్రావణానికి గీసినవి. 35 పీపీటీ సముద్రపు నీళ్లను ఆ గీతల మీద చూస్తే 36.5 కనిపిస్తుంది. సున్నా దగ్గర రెండు గీతలూ ఒకటే కాబట్టి అక్కడ తప్పు కనపడదు. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది.

దీన్ని అక్కడికక్కడే చూపించాను. నేను ఒక సీసా ఎప్పుడూ వెంట పెట్టుకుంటాను: 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లలో 36.5 గ్రాముల స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ కరిగించిన ద్రావణం. కాంతిని వంచడంలో ఇది 35 పీపీటీ సముద్రపు నీళ్లకు సమానం. వంటింటి ఉప్పు వాడను. అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థం ఉంటుంది, తేమ కూడా ఉంటుంది. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో చిన్న డబ్బా కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. వంద గ్రాములు కలుపుకుంటే తూకంలో చిన్న తేడా కూడా పెద్ద తప్పవుతుంది కాబట్టి కిలో కలుపుతాను. మూత బిగుతుగా ఉండాలి. లేకపోతే నీళ్లు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది, కొలిచే రాయే బరువు మారిపోయినట్టు.

డాక్టర్‌గారు సున్నాకు సరిచేసి, నా సీసాలోంచి రెండు చుక్కలు గాజు మీద వేసి, రేకు మూశారు. ఫ్యాన్ ఆపించాను, చుక్క ఆరుతూ ఉంటే రీడింగ్ పెరుగుతూ పోతుంది. ఒక నిమిషం ఆగి కన్ను పెట్టి చూశారు. 36.5. "రెండేళ్ల నుంచి దీంతోనే కలుపుతున్నానండీ" అన్నారు చిన్నగా. అంటే ఆయన 35 అనుకుని కలిపిన నీళ్లన్నీ నిజానికి 33.5. చిన్న స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తిప్పి, ఆ ద్రావణం 35 చూపించేలా సరిచేశాం. ఇప్పుడు ట్యాంక్ నీళ్లు చూస్తే 30 గీత దాటి కొంచెం పైన ఆగింది. నా మీటర్ మాటా అదే. రెండు వేర్వేరు పద్ధతులు ఒకచోట కలిశాయి కాబట్టి ముప్పైన్నరను ఖాయం చేసుకున్నాం.

ఉప్పు ఎటు పోయింది

33.5 దగ్గర కోరల్స్ రెండేళ్లు బాగానే బతికాయి. కాబట్టి రిఫ్రాక్టోమీటర్ తప్పు ఒక్కటే ఈ రోగానికి కారణం కాదు. మిగతా మూడు పీపీటీలు ఎక్కడికి పోయాయి? 300 లీటర్లలో మూడు పీపీటీలంటే 900 గ్రాముల ఉప్పు, దాదాపు ఒక కిలో. కింద నేల తడిగా లేదు. సంప్ అంచుల్లో ఉప్పు పేరుకుని ఉంది గానీ అది గుప్పెడు కూడా రాదు.

అప్పుడు క్లినిక్‌లో పనిచేసే కుర్రాడు స్కిమ్మర్ కప్పు తీసి సింకు వైపు వెళ్తున్నాడు. ఆపి చూశాను. కప్పు అంచు దాకా నిండి ఉంది. అందులో ఉన్నది స్కిమ్మర్ తీసే మడ్డిలా లేదు. స్కిమ్మర్ సరిగ్గా పనిచేస్తే కప్పులో చేరేది కాఫీ డికాషన్‌లా నల్లగా, చిక్కగా, ముక్కు మూసుకునేలా ఉండాలి. ఇది పాలు పోయని లేత టీలా ఉంది. గ్లాసులో పోస్తే అవతలి వేళ్లు కనిపిస్తున్నాయి. కొలిస్తే 600 మిల్లీ.

"రోజూ ఇట్లనే నిండుతదా?" అని అడిగాను. "అవునన్నా, రోజూ పొద్దుగాల నిండుతది, పారబోస్త" అన్నాడు.

మే నడిమధ్యలో ట్యాంకులో నాచు ఎక్కువైతే, చెత్త ఇంకా బాగా లాగుతుందని డాక్టర్‌గారు స్కిమ్మర్ వాల్వ్ తిప్పి నురగ మట్టం పెంచారట. నురగతో పాటు నీళ్లూ పోవడం మొదలైంది. ఆ నీళ్లు ఉప్పునీళ్లు. వాటి స్థానంలో ఆటో టాప్ ఆఫ్ నింపింది మాత్రం మంచినీళ్లు.

ఈ కేసంతా ఇక్కడే ఉంది. నీళ్లు ఆవిరైతే ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది, మంచినీళ్లు పోస్తే సరిపోతుంది. నీళ్లు నీళ్లుగా బయటికి పోతే, అది స్కిమ్మర్ కప్పులోంచైనా, పైపు కారినా, చేపలు పట్టేటప్పుడు మగ్గుతో తీసినా, ఉప్పూ వెళ్లిపోతుంది. ఆటో టాప్ ఆఫ్‌కు ఈ రెండింటికీ తేడా తెలియదు. దానికి కనిపించేది మట్టం ఒక్కటే. మట్టం ఏ రోజూ తగ్గలేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనిపించింది.

లెక్క వేసి చూశాం. రోజుకు 0.6 లీటర్ల చొప్పున 50 రోజులకు 30 లీటర్లు, అంటే ట్యాంకులో పదో వంతు. 33.5తో మొదలుపెడితే 30.3కి దిగాలి. మధ్యలో ఆయన ఒక్కసారే 30 లీటర్లు మార్చారు, అది కాస్త పైకి తెస్తుంది. ముప్పైన్నర. కొలతా లెక్కా కలిశాయి. ఆ క్షణం నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను, ఎందుకంటే లెక్క కలవకపోతే ఇంకో కారణం ఎక్కడో దాక్కుని ఉందన్నమాట.

ఇంకో ఆధారం డ్రమ్ము దగ్గర దొరికింది. 40 లీటర్ల డ్రమ్ము ఎన్నాళ్లకోసారి నింపుతున్నావని కుర్రాణ్ని అడిగితే పది, పదకొండు రోజులకు అన్నాడు. అంటే రోజుకు మూడున్నర లీటర్లు దాటి. వానలు పడుతున్న రోజుల్లో ఈ ట్యాంకుకు అది ఎక్కువ. స్కిమ్మర్‌ను సరిచేసి రెండు రోజులు చూస్తే ఖర్చు రోజుకు మూడు లీటర్లకు వచ్చింది. ఆవిరయ్యేది అంతే. మిగతాది కప్పులోకి పోతూ వచ్చింది.

చేపలు ఎందుకు హాయిగా ఉన్నాయి

డాక్టర్‌గారిని ఎక్కువ తికమక పెట్టింది ఇదే. నీళ్లు బాగోకపోతే ముందు చేపలే చెప్పాలి కదా అన్నారు. సెలినిటీ విషయంలో అలా కాదు. సముద్రపు చేప రక్తంలో ఉండే ఉప్పు సముద్రపు నీళ్లలో ఉన్నదాంట్లో సుమారు మూడో వంతే. అందుకే దాని ఒంట్లో నీళ్లు ఎప్పుడూ బయటికి లాగేసినట్టు పోతుంటాయి. అది ఉప్పునీళ్లు తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తూ బతుకుతుంది. నీళ్లు కొంచెం పలచబడితే దానికి ఆ పని తేలికవుతుంది. చేపలకు వచ్చే తెల్లమచ్చల రోగానికి, కోరల్స్ లేని విడి ట్యాంకులో, 1.009 దాకా దించి ఉంచే వైద్యం కూడా ఉంది.

కోరల్స్‌కూ నక్షత్ర చేపలకూ ఆ ఏర్పాటు లేదు. చుట్టూ నీళ్లు ఎలా ఉంటే వాటి ఒళ్లూ అలా మారుతుంది. క్లీనర్ రొయ్య కూడా ఈ విషయంలో చాలా సున్నితం. దుకాణం సంచిని ట్యాంకులో పావుగంట తేల్చి, రొయ్యను నేరుగా ముప్పైన్నరలోకి వదిలారు. సంచిలోని నీళ్ల సెలినిటీ ఎంతుందో ఎవరూ చూడలేదు.

ఈ పనిలోకి రాకముందు నేను కాకినాడ వైపు ఒక రొయ్యల హేచరీలో నాలుగేళ్లు చేశాను. చెరువుల్లో పెంచే వనామీ రొయ్య చాలా గట్టిది, 5 పీపీటీ చెరువులోనూ పెరుగుతుంది. అయినా భీమవరం వైపు రైతు చెరువు నీళ్లు తెచ్చి ఇస్తే, అక్కడి సెలినిటీకి పిల్లలను మెల్లమెల్లగా దించాకే సీడ్ ప్యాక్ చేసేవాళ్లం. తొందరపడితే సంచి విప్పేసరికి పిల్లలు అడుగున పడి ఉంటాయి. గట్టి రొయ్యకే అంత జాగ్రత్త పడినవాణ్ని, క్లీనర్ రొయ్య చనిపోయిందని డాక్టర్‌గారు చెప్పగానే సెలినిటీని నా చేత్తో కొలవకుండా ఎలా ఊరుకున్నానా అని ఇప్పటికీ బాధ ఉంది.

పైకి తేవడం

ముప్పైన్నర నుంచి 35కి. లీటరుకు నాలుగున్నర గ్రాములు, 300 లీటర్లకు 1350 గ్రాముల ఉప్పు. ఒక్కసారిగా తేవాలనే ఆశ అందరికీ ఉంటుంది. కానీ దించడం కన్నా ఎక్కించడమే చేపలకు ఎక్కువ కష్టం. రోజుకు అర పీపీటీ లోపే అని నిర్ణయించుకున్నాం. మొదటి రోజు, అయిదో రోజు మాత్రం నీళ్లు మార్చడం వల్ల కొంచెం దాటుతుందని ముందే తెలుసు. పొడి ఉప్పు ట్యాంకులో వేయడమన్నది లేదు. కరగని పలుకు కోరల్ మీద పడితే అక్కడ కాలినట్టు మచ్చ పడుతుంది.

పద్ధతి చాలా మామూలుది. ఆటో టాప్ ఆఫ్ స్విచ్ ఆపేశాం. ఆవిరైన మూడు లీటర్ల స్థానంలో మంచినీళ్లకు బదులు 35 పీపీటీ ఉప్పునీళ్లు, పొద్దున లీటరున్నర, సాయంత్రం లీటరున్నర, మగ్గుతో సంప్‌లో పోశాం. దీంతో రోజుకు 105 గ్రాముల ఉప్పు, అంటే 0.35 పీపీటీ పెరుగుతుంది. దాంతో పాటు మొదటి రోజు ఒకసారి, అయిదో రోజు ఒకసారి 30 లీటర్లు మార్చాం. డ్రమ్ములోనే ఉప్పునీళ్లు నింపి ఆటో టాప్ ఆఫ్‌కు వదిలేయొచ్చు కదా అని డాక్టర్‌గారు అడిగారు. నేను ఒప్పుకోలేదు. పని పూర్తయ్యాక డ్రమ్ము మార్చడం ఒక్క రోజు మరిచిపోతే 35 దాటి పైకి పోతూనే ఉంటుంది.

కొత్త నీళ్లు కలిపే పద్ధతి కూడా సరిచేశాం. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) సున్నా చూపించే ఆర్‌ఓ నీళ్లు ముందు, వాటిలోకి కొద్దికొద్దిగా ఉప్పు. తిరగేసి ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కగా అయి కాల్షియం తెల్లగా గడ్డకట్టేస్తుంది. లీటరుకు సుమారు 38 గ్రాములు పట్టింది, ఉప్పు మిక్స్‌లో తేమ ఉంటుంది కాబట్టి 35 గ్రాములు చాలవు. పంపు, హీటర్ పెట్టి రాత్రంతా తిరగనిచ్చి, మర్నాడు కొలిచాకే వాడాం.

నాలుగో రోజు సాయంత్రం 32 దాటింది. ఆరో రోజు జోవాలు విచ్చుకోవడం మొదలుపెట్టాయి. ముందు అంచుల్లో రెండు, మధ్యాహ్నానికి గుంపులో సగం. ఎనిమిదో రోజు 34. పదకొండో రోజు 35. ఆ రోజు కాల్షియం, మెగ్నీషియం మళ్లీ చూస్తే నేను ఫోన్లో పెంచమన్న డోసు వల్ల కాల్షియం 445 దాకా వెళ్లింది, మెగ్నీషియం ఏమీ వేయకుండానే 1340కి వచ్చింది. కాల్షియం డోసు ఆపించాను. టార్చ్‌లో ఒక తల పోయింది. మిగతా మూడూ మూడో వారానికి పూర్తిగా చాచాయి.

విశాఖలో నా దగ్గరకు వచ్చేవాళ్లలో కొందరు సముద్రపు నీళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు కూడా ఈ కేసు చెప్తుంటాను, ఎందుకంటే అక్కడ ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. వేసవిలో 34 ఉండే తీరపు నీళ్లు, అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి నదుల వరద నీరంతా బంగాళాఖాతంలో కలిసి తీరం వెంట దిగువకు రావడంతో 30 కన్నా కిందకి పోతాయి. మే నెలలో కొలిచిన అంకెను నమ్ముకుని నవంబర్‌లో క్యాన్లు నింపితే డాక్టర్‌గారి ట్యాంక్‌లాగే పలచబడుతుంది. క్యాను క్యానుకూ కొలవాలి, తక్కువుంటే కొంచెం ఉప్పు మిక్స్ కలిపి 35కి తెచ్చుకోవాలి.

ఇప్పుడు క్లినిక్‌లో చేస్తున్న పని ఇది. ప్రతి ఆదివారం ముందు సీసాలోని ద్రావణంతో రిఫ్రాక్టోమీటర్ 35 చూపిస్తోందో లేదో చూసి, తర్వాతే ట్యాంక్ నీళ్లు. ట్యాంక్ నీళ్లు స్కిమ్మర్ దగ్గర కాకుండా ముందు వైపు నుంచి. చూశాక గాజును, రేకును ఆర్‌ఓ నీళ్లతో తుడిచి పెట్టడం. డ్రమ్ము మీద అయిదు లీటర్లకో గీత చొప్పున టేపు అంటించాం, రోజుకు ఎంత తగ్గుతోందో తెలిసేలా. ఎక్కువ తగ్గితే ఎండ పెరిగిందా, నీళ్లు కారుతున్నాయా అన్నది ఆ రోజే తేలాలి. కుర్రాడికి 250 మిల్లీ కొలత గ్లాసు ఒకటి ఇచ్చాం. కప్పు పారబోసే ముందు ఎన్ని మిల్లీలు, ఏ రంగు అని డాక్టర్‌గారి నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. రెండు నెలల పేజీలు తిప్పి చూశాను, ఒక్క రోజు కూడా మానలేదు. మొన్న ఆదివారం రీడింగ్ 34.8. దాని పక్కనే వాడి అక్షరాల్లో: "120, డికాషన్".